పదిహేడు మొక్కలు, ఒక జాడీ

షామీర్‌పేట,
23 నవంబరు 1997

వినోదా,

మా ఇంట్లో నాకు కొత్త పేరు వచ్చింది. ఓర్వలేనిది. పెట్టింది అక్క. ఒప్పుకున్నది అమ్మ. నాన్న పేపరు తిప్పారు.

శ్రీలేఖక్క సీమంతం అయ్యాక పురుటికి వచ్చి పన్నెండు రోజులైంది. ఏడో నెల. పెద్ద జాడీ నిండా అమ్మ చేసిన గుల్కందు ఉంది. మా ఇంటి గులాబీ రేకులు, పంచదార పొరలు పొరలుగా వేసి, మేడ మీద ఎండబెట్టి చేసింది. వేడి తగ్గుతుందని పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా అక్కకు పెడుతోంది. నేనన్నది ఒకటే మాట. "అది కొన్నాళ్ళు ఆపి చూడకూడదా అమ్మా?"

"నేను తింటుంటే నీకెందుకే కడుపుమంట? నా పురుడు వల్ల నీ ఎమ్మెస్సీ ఏడాది వెనక్కి పోయిందనేగా?" అంది అక్క.

ఆ కోపం నాకు లేదని నీకు అబద్ధం రాయను. ఉంది. కానీ నేను అడిగింది అందుకు కాదు. వచ్చిన వారం నుంచి అక్కకు నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి. కడుపు మెలిపెడుతోంది. ఈ చలిలో జాకెట్టు తడిసేలా చెమట. అమ్మ వేవిళ్ళంటుంది. ఏడో నెలలో కొత్తగా వేవిళ్ళేమిటి?

పోయిన వేసవిలో బోరు నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపింది నేనేనని నీకు తెలుసుగా. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని కాగితం వచ్చింది. అప్పటినుంచి కాలనీలో నేను నీళ్ళ ఇన్‌స్పెక్టర్ని. అందుకని ఈసారి నా మాట ఇంట్లో చెల్లదు.

ఇక గులాబీల సంగతి. జూలైలో నాన్న పదిహేడు మొక్కలు ఎంచి తెచ్చారు. ఎంపికకే నెల పట్టింది. ఏ పువ్వు ఎన్ని రేకులు వేస్తుంది, కాడ ఎంత పొడుగు, వాన చినుకు పడితే మచ్చ వస్తుందా, అన్నీ డైరీలో రాసుకున్నారు. అమ్మ పన్నీరు గులాబీ అడిగింది. "దానికి మార్కులు రావు సుందరీ," అన్నారు. జనవరి నాలుగున ఇంటి తోటల పోటీ ఉంది. న్యాయనిర్ణేతలు ఇంటింటికీ వచ్చి చూస్తారు. ఆఫీసులో తనకంటే చిన్నవాళ్ళు పై కుర్చీలెక్కడం చూసి చూసి అలిసిపోయిన మనిషి, ఇదొక్కటి గెలవాలని చూస్తున్నారు. అమ్మ మనసు కష్టపెట్టకూడదని, వాసన ఉండే ముదురెరుపు రకం నాలుగు మొక్కలు కలిపారు. గుల్కందు వాటిదే.

ఇల్లు కట్టిన రోజే అమ్మ షరతు పెట్టింది, పెరట్లోకి పురుగుమందు రాకూడదని. నాన్న వేపపిండి తప్ప ఏదీ వేయనన్నారు. ఇప్పటికీ అదే అంటారు. కానీ చూడు. ఈ ఏడు మా మొక్కలకు పేనుబంక పట్టలేదు. ఆకును గుండ్రంగా కత్తిరించుకుపోయే తేనెటీగలు ఉండేవి, వాటి జాడ లేదు. మట్టి తవ్వితే ఒక్క వానపాము కనిపించలేదు. నెల మొదటి ఆదివారం తెల్లారకముందే నాన్న ఒక్కరే మొక్కల మొదళ్ళు తవ్వి ఏదో వేస్తారు. తర్వాత మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటారు. వేపపిండికి అంత కడుగుడు ఎందుకు?

మీ నాయిన ఎకరం గులాబీ తోట చేస్తాడు కదా. ఆయన మొదళ్ళలో ఏం వేస్తాడో అడిగి రాయి. ఫోను చెయ్యకు. ఫోను హాల్లో ఉంది, అందరూ వింటారు.

అమూల్య


గాజులరామారం,
1 డిసెంబరు 1997

ఏమే ఇన్‌స్పెక్టరమ్మా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. నవ్వినందుకు తిట్టుకోకు. ఇక్కడ నా బతుకు అట్లుంది. జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబులో పొద్దుటి షిఫ్టు అయ్యేసరికి కళ్ళు మండుతయి. అన్న వాళ్ళ ఇంట్లో నా మంచం వంటింట్లోనే. వదిన నాలుగింటికి స్టవ్ వెలిగిస్తే నేను లేవాల్సిందే. నాకూ ఎమ్మెస్సీ లేదు, నీకూ లేదు. నీకు మేడ అన్నా ఉంది, ఎక్కి కూర్చోవచ్చు.

మా నాయిన తోటకు వేసేవి శానా ఉంటయి. అది జాంబాగ్ మార్కెట్‌కు పోయే పువ్వు. దండలకు, పెండ్లి కార్లకు. ఒక్క మచ్చ ఉన్నా గుత్తేదారు కింద పారేస్తడు. ఇంటి తోటకు అవన్నీ ఎవరూ వెయ్యరు. మీ నాన్న చదువుకున్న మనిషి. వేపపిండే అయి ఉంటది. పెద్ద మనిషి చేతులు కడుక్కుంటే కూడా నువ్వు లెక్క కడతవా?

మీ అక్కకు చెమటలు, నోట్ల నీళ్ళు ఊరుడు కడుపుతోటి ఉన్నోళ్ళకు మామూలే అని వదిన అంటుంది. గుల్కందు బదులు సబ్జా నీళ్ళు తాగమను. గొడవ పడకుండా మెల్లగా మాన్పించు.

పోయిన ఆదివారం లాల్‌గడి మలక్‌పేట్ పోయిన. అమ్మ బాగనే ఉంది, చేతుల వణుకు అట్లనే ఉంది. బాయి కాడ ఉన్న మా నాటు గులాబీ ఈసారి మస్తు పూసింది. నీకు గుర్తుందా, నువ్వు వచ్చినప్పుడు తోటల పువ్వు తెంపబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆ చెట్టు దగ్గరికి తీసుకపోయింది? తలలో పెట్టుకోవాలన్నా, దేవునికన్నా మా ఇంట్లో దాని పువ్వే. దాన్ని ఇంటి చెట్టు అంటం.

ఒకటి అడుగుతా. మొక్కలు ఎక్కడి నుంచి తెచ్చిండో మీ నాన్న నీకు చెప్పిండా?

వినోద


షామీర్‌పేట,
9 డిసెంబరు 1997

వినోదా,

నీ ఉత్తరంలో చివరి వాక్యం నాకు భయం వేసింది. నేను అడిగింది మొదళ్ళలో ఏం వేస్తారని. నువ్వు అడిగింది మొక్కలు ఎక్కడివని. నాలుగు రోజులుగా ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను.

ఇక్కడ జరిగింది వరసగా రాస్తాను. శనివారం అమ్మ కొత్త పూతతో రెండో జాడీ పెట్టింది. మూతికి పల్చటి గుడ్డ కట్టి మేడ మీద ఉంచింది. మధ్యాహ్నం బట్టలు తీయడానికి వెళ్ళాను. జాడీ చుట్టూ చీమలున్నాయి. పంచదార కదా, ఉంటాయి. కానీ ఒక్కటీ కదలడం లేదు. గుడ్డ మీదా, జాడీ పక్కనా నల్లగా రాలి ఉన్నాయి. అమ్మను పిలిచి చూపించాను. "ఎండకు చచ్చాయే. డిసెంబరు ఎండ చురుక్కుమంటుంది," అని చీపురుతో ఊడ్చేసింది. పక్కనే వడియాల పళ్ళెం ఉంది. దాని మీద చీమలు శుభ్రంగా తిరుగుతున్నాయి. అదీ చూపించాను. "ఇంక చాలించు అమూల్యా. కడుపుతో ఉన్న పిల్ల తినే వస్తువు గురించి ఆ మాటలేమిటి?" అంది. అమ్మ అంత మెల్లగా మాట్లాడిందంటే చాలా కోపం వచ్చినట్టు.

ఆదివారం తెల్లవారుజామున నాన్న మళ్ళీ మొదళ్ళు తవ్వారు. తర్వాత నేను వెళ్ళి ఒక మొక్క కింద వేలితో గీరాను. ఊదారంగు రవ్వలు, గసగసాలంత ఉన్నాయి. వేపపిండి ఊదారంగులో ఉండదు. మేడ మెట్ల కింద అరలో పాత పాలపొడి డబ్బా ఒకటి ఉంది. ఆ అరకు జూలై నుంచి తాళం వేస్తున్నారు.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. అక్క కిటికీ దగ్గర పడుకుని "అక్షరాలు అలుక్కుపోతున్నాయే, కళ్ళజోడు వస్తుందేమో," అంది. వంగి చూశాను. అంత మసక వెలుతురులో కంటిపాప పెద్దదవ్వాలి కదా. అక్కవి ఆవగింజలంత ఉన్నాయి. తన చెయ్యి నా చేతిలో ఉంది. బొటనవేలి కింద కండ దానంతట అదే అదురుతోంది. అక్కకు తెలియడం కూడా లేదు.

ఇంకొకటి. మొదటి జాడీ పెట్టినప్పుడు నాన్న వేలితో తీసుకు నాకేవారు. అమ్మ తిట్టేది. అక్క వచ్చాక ఆయన గుల్కందు ముట్టలేదు. షుగరు అంటున్నారు. ఆయనకు షుగరు లేదు.

నీకు తెలిసింది రాయి. నా మీద జాలి పడి రాయకు.

అమూల్య


గాజులరామారం,
15 డిసెంబరు 1997

అమూల్యా,

నేను అబద్ధం రాసిన. వేపపిండి కాదని నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు.

ఆ పదిహేడు మొక్కలు మా తోటవే. జూలైల మీ నాన్న సారు స్కూటర్ మీద మా ఇంటికి వచ్చిండు. ఆ రోజు నేను ఇంట్లనే ఉన్న. వేర్లకు పురుగు పట్టి పాత మొక్కలన్నీ పోయినయ్ అన్నడు. నాయిన గుళికల మందు పొట్లం కట్టి ఇచ్చిండు. మొక్కకు ఎంత వేయాలె, ఎన్ని రోజులకు వేయాలె అని కాగితం మీద రాసి ఇచ్చింది నేను. నా చేతి రాత మీ ఇంట్లో ఎక్కడో ఉంది. వెతుకు, దొరుకుతది.

నాయిన చెప్పిండు. నా ముందరనే చెప్పిండు. "సారూ, గిది చెట్టు ఏరు తాగుతది. ఏరు తాగింది ఆకుకు వోతది, పువ్వుకు గూడ వోతది. కడిగితె వోదు. దేవునికి వెట్టుండ్రి, నోట్లె మాత్రం వెట్టుకోకుండ్రి." సారు నవ్విండు. "మేం పూలు తింటామా పర్వతాలూ?" అని నాయినను పేరు పెట్టి అడిగిండు. నాయిన గూడ నవ్విండు.

పోయేటప్పుడు సారు నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయ్, ఈ సంగతి అమూల్యకు చెప్పకు. దానికి అన్నిటికీ భయమే," అన్నడు. నేను సరే అన్న. ఆ తర్వాత మీ అమ్మ గుల్కందు పెడుతున్నదని నువ్వు రాసినవ్. అప్పుడే బస్సెక్కి రావాల్సింది. రాలే. ఎందుకంటే ఏమన్న అయితే సారుల కాలనీల పేరు పడేది మా నాయినకే. పర్వతాలు విషం ఇచ్చిండు అంటరు. ఇగ మా మొక్క ఒక్కటి ఎవరూ కొనరు.

ఇంటి చెట్టు ఎందుకో నీకు సగమే చెప్పిన. మా అమ్మ తారాబాయి పదారేండ్లు ఆ తోటల పువ్వు తెంపింది. నా తర్వాత ఇద్దరు కడుపుల పడ్డరు, నిలవలే. పువ్వు వల్లనే అని ఎవరూ అనలే. డాక్టరు అనలే, మేం అడగలే. ఆ ఏడే నాయిన బాయి కాడ కొమ్మ పాతి, "దీనికి నా చేత్తోటి ఏదీ వెయ్య," అన్నడు. గంతే అన్నడు. మళ్ళ ఎన్నడు ఆ మాట మా ఇంట్ల రాలే.

మీ అక్కకు అయ్యేది వేవిళ్ళు కాదు. ఇంకొక్క చెంచా పెట్టనియ్యకు. డాక్టరుకు గుళికల మందు అని పేరు పెట్టి చెప్పు. చెప్పకపోతే వాళ్ళకు తెల్వదు.

వినోద


షామీర్‌పేట,
22 డిసెంబరు 1997

వినోదా,

నీ మీద కోపం తర్వాత తెచ్చుకుంటాను. ఇప్పుడు తీరిక లేదు.

కాగితం దొరికింది. నాన్న డైరీలో, రకాల పేర్లు రాసుకున్న పేజీలోనే ఉంది. నీ 'క్ష' నాకు తెలియదా? కాగితం, ఒక చెంచా తీసుకుని మేడెక్కాను. ఆదివారం మధ్యాహ్నం. అమ్మా అక్కా నిద్రపోతున్నారు. నాన్న అక్కడ తొట్లకు కావి పూస్తున్నారు. జాడీ గుడ్డ విప్పి చెంచా నిండా తీసి ఆయన ముందు పట్టుకున్నాను.

"తినండి నాన్నా."

"ఇప్పుడేమిటమ్మా. షుగరు..."

"ఒక్క చెంచా తినండి. మీరు తింటే నేను ఇంకెప్పుడూ ఏమీ అనను."

ఆయన చెంచా తీసుకున్నారు. నోటి దాకా తెచ్చారు. ఆయన తినేస్తారేమో, నా ముందు ఓడిపోకూడదని తినేస్తారేమో అనిపించింది. లాక్కుందామని చెయ్యి చాపాను. ఆయన అప్పటికే చెంచా దించేశారు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నారు.

"మొదటి జాడీ పెట్టినప్పుడు నాకు తట్టలేదే. నిజంగా తట్టలేదు. అక్క వచ్చాక తట్టింది. అప్పటికే మీ అమ్మకు వేపపిండి అని నాలుగు నెలలుగా చెబుతున్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. రేకులు కడుగుతుంది కదా, కొంచెమే కదా అనుకున్నాను."

పోటీ అయ్యేదాకా అమ్మకు చెప్పొద్దని అడిగారు. జాడీ సంగతి తను చూసుకుంటానన్నారు. మా నాన్న నన్ను ఒకటి అడగడం నాకు గుర్తున్నంత వరకు అదే మొదటిసారి. ఒప్పుకున్నాను. నువ్వు బస్సెక్కలేదని నిన్నేమనను?

సాయంత్రానికి కొత్త జాడీ మేడ మీంచి పడి పగిలింది. కింద వాడుతున్న జాడీకి బూజు పట్టిందని నాన్నే పారబోశారు. పిల్లి అన్నారు, తేమ అన్నారు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అమ్మ మాత్రం, "పోనిద్దురూ, చెట్ల నిండా పూలే. రేపు మళ్ళీ పెడతాను," అంది. నాన్న, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎందుకు వద్దో చెప్పకుండా ఎలా ఆపాలి?

ఇవాళ పొద్దున కిటికీలోంచి చూస్తే అక్క పెరట్లో కుర్చీ వేసుకుని ఆ ముదురెరుపు మొక్క పక్కన కూర్చుని ఉంది. ఒక్కో రేకు తుంచి నములుతోంది. తోచక, వేరుశెనక్కాయలు నమిలినట్టు. పరుగెత్తి నోట్లో వేలు పెట్టి తీయబోయాను. చెంప మీద కొట్టింది. అమ్మ వచ్చింది. చెప్పేశాను, గుళికల మందు అని అరిచి చెప్పాను. అక్క, "వచ్చిందమ్మా ఇన్‌స్పెక్టరు," అంది. "నాన్నా, చెప్పండి," అన్నాను.

నాన్న వరండాలో ఉన్నారు. పేపరు తిప్పారు.

రేకులు నమలకుండా పగలంతా అక్కకు కాపలా కాస్తున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే తలుపు వేసుకుంటోంది. నిన్నటి నుంచి బిడ్డ కదలిక తగ్గిందని అమ్మతో అంటుంటే విన్నాను.

అమూల్య


లాల్‌గడి మలక్‌పేట్,
28 డిసెంబరు 1997

అమూల్యా,

లీవు పెట్టి ఇంటికి వచ్చిన. నీ ఉత్తరాలు మూడూ నాయినకు చదివి వినిపించిన. కడుపుతోని ఉన్న పిల్ల అని వినంగనే లేచి నిలబడ్డడు. "నా పేరు వోతె వోనీ బిడ్డా. ఆ ఇంట్ల ఎవ్వరు జెప్పకపోతె నేను జెప్త," అన్నడు. రేపే వద్దామనుకుంటే అమ్మకు జ్వరం. శుక్రవారం వస్తం.

అంతదాకా అక్కను వదలకు. మొక్క నిలబడి ఉన్నన్ని రోజులు మందు పువ్వులకు ఎక్కుతనే ఉంటది. జాడీ పగలగొడితే కాదు.

మా ఇంటి చెట్టు కొమ్మ ఒకటి తడిగుడ్డల చుట్టి తెస్త, మీ అమ్మకు.

వినోద


షామీర్‌పేట,
3 జనవరి 1998

వినోదా,

నిన్న మీరు ఉండగానూ, వెళ్ళాకా ఏం జరిగిందో నీకు తెలియాలి కదా, రాస్తున్నాను.

మీ నాయిన మా అరుగు మీదే కూర్చున్నాడు. అమ్మ ఎంత అడిగినా లోపలికి రాలేదు. తువ్వాలు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని, "అమ్మా, నేను ఇచ్చిన మందు. సారుకు జెప్పే ఇచ్చిన. నీకు జెప్పకపోవుడు నాదే తప్పు," అన్నాడు. నాన్న తప్పు కూడా తన మీదే వేసుకున్నాడు. నువ్వు గేటు దగ్గరే నిలబడ్డావు, అమ్మ మొహం నీకు కనిపించి ఉండదు. అమ్మ ఆయన వైపు చూడలేదు. నాన్న వైపే చూస్తోంది. "వేపపిండా అండీ?" అంది. అంతే. తర్వాత అక్క గదిలోకి వెళ్ళి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

ఆటో మాట్లాడుకుని సికింద్రాబాదు ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మకు నువ్వన్నట్టే పేరు పెట్టి చెప్పాను. అక్క కళ్ళలో టార్చి వేసి చూసి, ఎన్నాళ్ళు తింది, ఎంత తింది అని నన్నే అడిగింది. తేదీలన్నీ నేను రాసి పెట్టుకున్నాను. "ఇది ఎవరు రాశారు?" అంది. అక్క, "మా చెల్లెలు," అంది. బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. మందిచ్చింది. ఇంతకు మించి ఇప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేరట. ఇంటికి పంపాక కూడా పుట్టేదాకా వారం వారం రమ్మంది. అక్కను అక్కడే ఉంచారు, అమ్మ తోడుంది. తిరిగి వస్తుంటే ఆటోలో నా చేతులు వణికాయి. మందు వల్ల కాదు, భయం వల్లే. అయినా ఆ తేడా ఎలా తెలుస్తుందని దారంతా నా చేతులే చూసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి నాన్న మొక్కలకు నీళ్ళు పెడుతున్నారు. "ఇక ఎవరూ తినరుగా అమ్మా. ఎల్లుండి ఒక్కరోజు. వాళ్ళు చూసి వెళ్ళాక నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను," అన్నారు.

రేపు చూడ్డానికి వచ్చినవాళ్ళకు తలా ఒక పువ్వు ఇస్తారు. కాలనీ ఆచారం అది. ఎదురింటి విజయమ్మగారు మనవరాలిని చంకనేసుకుని వస్తారు. పది నెలల పిల్ల. చేతికిచ్చింది ఏదైనా నోట్లోనే పెట్టుకుంటుంది. నాన్నకు ఇదే చెప్పాను. విన్నారు. గొట్టం పట్టుకుని అలాగే నిలబడ్డారు. నీళ్ళు ఒకే మొక్కకు పోతున్నాయి.

ఈ ఉదయం చేతులకు పాలిథీను సంచులు కట్టుకుని పదిహేడు మొక్కలూ నరికాను. మొదళ్ళు తవ్వి తీశాను. పొగ కూడా ఎవరికీ తగలకూడదని కాల్చలేదు. లేఅవుటు చివర ఖాళీ స్థలంలో లోతుగా గొయ్యి తీయించి అన్నీ అందులో వేసి పూడ్చాను. మెట్ల కింద పాలపొడి డబ్బాలో మిగిలిన మందు మూత బిగించి ఉంచాను, మీ నాయినను అడిగి ఏం చెయ్యాలో చూస్తాను. నాన్న వరండాలోంచి చూస్తూ కూర్చున్నారు. ఒడిలో పేపరు ఉంది. తిప్పలేదు.

మీరు తెచ్చిన కొమ్మను తొట్టిలో, బయటి మట్టిలో పెట్టాను. అమ్మ వచ్చాక దాన్ని ఉంచుకోవాలో వద్దో తనే చెబుతుంది. పెరటి నేలలో నేను మాత్రం ఏదీ నాటను.

రేపు పది గంటలకు న్యాయనిర్ణేతలు వస్తారు. గేటు నేను తీస్తాను. ఖాళీ మళ్ళు చూపిస్తాను. ఏం వేశామో, ఎవరు తిన్నారో, మీ నాయిన ముందే ఏం చెప్పాడో, మా ఇంట్లో ఎవరు దాచారో చెబుతాను. నేను దాచిన ఆ ఒక్క రోజు సంగతీ చెబుతాను.

అమూల్య